ఉమ్మడి డేటాకి ఒక్కసారే శ్రీకారం

నాన్నా, ప్రోగ్రామర్‌గా కొత్త ఉద్యోగంలో చేరావు, సంతోషం. ఒక్క మాట మనసులో పెట్టుకో. క్లాస్ మొత్తానికీ ఉమ్మడిగా ఉండే డేటాకి తొలి విలువను కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వకు.

ఆబ్జెక్ట్ పుట్టినప్పుడల్లా కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది. ఖాతాలను లెక్కపెట్టే స్టాటిక్ వేరియబుల్‌కి అక్కడ సున్నా పెట్టావనుకో, కొత్త ఖాతా తెరిచిన ప్రతిసారీ పాత లెక్క తుడిచిపెట్టుకుపోతుంది. ఊరుమ్మడి బావిని నీళ్లకొచ్చిన ప్రతివాళ్లూ పూడ్చి మళ్లీ తవ్వరు కదా!

జావాలో చిన్న విలువైతే ప్రకటించిన లైన్‌లోనే ఇచ్చెయ్. పట్టిక నింపడం లాంటి పని ఉంటే స్టాటిక్ బ్లాక్ రాయి. క్లాస్‌ని మొదటిసారి వాడేటప్పుడు జేవీఎం ఆ బ్లాక్‌ని ఒక్కసారే నడుపుతుంది. ఎన్ని థ్రెడ్లు ఒకేసారి వచ్చినా తాళం వేసే సంగతి జేవీఎమ్మే చూసుకుంటుంది. కానీ ఆ బ్లాక్‌లో ఫైళ్లు తెరవడం, డేటాబేస్‌ని పలకరించడం పెట్టుకోకు. అది విఫలమైతే మొదట ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్ వస్తుంది. తర్వాత ఆ క్లాస్‌ని ముట్టుకున్నప్పుడల్లా నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. ఈ రెండోదాన్ని చూసి జార్ ఫైల్ పోయిందని వెతుకుతూ కూర్చోకు, లాగ్‌లో పైకి వెళ్లి మొదటి ఎర్రర్ చదువు.

సీ ప్లస్ ప్లస్‌లో పద్ధతి వేరు. మామూలు స్టాటిక్ మెంబర్‌ని క్లాస్‌లో ప్రకటించి, ఒకే ఒక్క సోర్స్ ఫైల్‌లో నిర్వచించాలి. మరిచిపోతే లింకర్ ఊరుకోదు. సీ ప్లస్ ప్లస్ 17 నుంచి ఇన్‌లైన్ అని రాస్తే క్లాస్‌లోనే పని అయిపోతుంది. వేర్వేరు ఫైళ్లలోని స్టాటిక్‌లు ఏ వరుసలో సిద్ధమవుతాయో మాత్రం నమ్మకం లేదు. ఒకటి ఇంకొకదానిపై ఆధారపడితే ఆ రెండోదాన్ని ఒక ఫంక్షన్‌లో లోకల్ స్టాటిక్‌గా పెట్టు. మొదటి పిలుపుకే సిద్ధమవుతుంది, సీ ప్లస్ ప్లస్ 11 నుంచి థ్రెడ్ల భయం కూడా లేదు.

పైథాన్‌లో క్లాస్ కింద నేరుగా రాసిన లిస్ట్ అందరిదీ. ఒక ఆబ్జెక్ట్ అందులో ఏదైనా చేరిస్తే మిగతావాటన్నిటికీ కనిపిస్తుంది. ఎవరి లిస్ట్ వారికి కావాలంటే ఇనిట్‌లో రాయి. ఉమ్మడి లెక్కను సెల్ఫ్ పేరుతో పెంచితే ఆ ఆబ్జెక్ట్‌కి సొంత లెక్క పుడుతుంది, ఉమ్మడిది అలాగే ఉండిపోతుంది. అందుకే క్లాస్ పేరుతోనే పెంచు.

స్టాటిక్ అని రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకో నాన్నా: ఇది నిజంగా అందరిదేనా? ఎప్పుడు సిద్ధమవుతుంది? ఎవరు మారుస్తారు? ఎవరూ మార్చనక్కర్లేనిదైతే జావాలో ఫైనల్, సీ ప్లస్ ప్లస్‌లో కాన్‌స్ట్ పెట్టెయ్. జవాబు తెలియకపోతే ఆ డేటాను ఉమ్మడి చేయకు.