హెవీ సిక్సర్‌కి జాతి ఉందా?

అన్నంభట్టు తర్కసంగ్రహం చదువుకున్నవాళ్లందరికీ ఆవు తెలుసు. ఆవంటే ఏది? కపిలవర్ణం ఉన్నది అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట ఉన్నది అంటే ఒక్క ఆవూ మిగలదు, అసంభవం. గంగడోలు ఉన్నది అంటే కుదిరింది, అదే ఆవు లక్షణం. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఈ ఆవునే తోలాను. పిల్లలు తలలూపేవారు, పరీక్షలో రాసేవారు, మరిచిపోయేవారు.

లక్షణం చెప్పడం ఎంత ఇరకాటమో నాకు బాగా తెలిసింది రిటైరయ్యాక, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, మా అల్లుడి బల్ల మీద ఉన్న పాత వీడియో గేమ్ పెట్టెల దగ్గర. ఇప్పుడు ఆ ఊళ్లో ఏ కూరగాయల దుకాణానికి వెళ్లినా తెలుగు వినబడుతుంది. అటారి కంపెనీ 1977లో తన ఇంటి గేమ్ పెట్టెను తెచ్చింది కూడా ఆ ఊరినుంచే. అప్పట్లో దాని పేరు వీడియో కంప్యూటర్ సిస్టం, ధర 199 డాలర్లు. అటారి 2600 అన్న పేరు 1982లో పెట్టారు. లోపల 6507 ప్రాసెసర్, 128 బైట్ల ర్యామ్. ఈ వ్యాసం మొదటి వాక్యం కూడా అందులో పట్టదని అల్లుడు లెక్కగట్టి చెప్పాడు.

ఈ పెట్టెల్లో రకాలున్నాయి. 1977 నాటిది సన్నీవేల్‌లో తయారైంది: ముందువైపు చెక్కలా కనిపించే పట్టీ, పైన ఆరు స్విచ్‌లు, అడుగున దళసరి ప్లాస్టిక్. సేకరణ చేసేవాళ్లు దాన్ని హెవీ సిక్సర్ అంటారు. (క్రికెట్‌తో సంబంధం లేదు, నేనూ మొదట అటే వెళ్లాను.) 1978లో తయారీ హాంకాంగ్‌కి మారింది. ఆరు స్విచ్‌లూ ఉన్నాయి, ప్లాస్టిక్ పలచనైంది. అది లైట్ సిక్సర్. 1980లో ఆటగాళ్ల కష్టస్థాయి మార్చే రెండు స్విచ్‌లను వెనక్కి నెట్టి, ముందు నాలుగే ఉంచారు. 1982లో చెక్క పట్టీ పోయి మొత్తం నల్లనైంది. స్టార్ వార్స్ సినిమాలో నల్ల ముసుగు ప్రతినాయకుడి పేరు మీద దాన్ని వేడర్ అంటారు. 1986లో చిన్నది వచ్చింది.

సేకర్తలకి మోజంతా మొదటిదాని మీదే. కాబట్టి అసలు ప్రశ్న: ఎదురుగా ఉన్నది హెవీ సిక్సరా, కాదా?

చెక్క పట్టీ ఉన్నది అందామంటే లైట్ సిక్సర్‌కీ, 1980 నాటి నాలుగు స్విచ్‌లదానికీ ఉంది. ఆరు స్విచ్‌లు అందామంటే లైట్‌కీ అవే ఆరు. రెండూ అతివ్యాప్తులే. పైన అటారి అని పేరున్నది అందామా? సియర్స్ దుకాణాలవాళ్లు ఇదే పెట్టెను అటారి చేత చేయించుకుని, టెలీ గేమ్స్ వీడియో ఆర్కేడ్ అని తమ పేరుతో అమ్మారు. వాటిలోనూ హెవీ సిక్సర్లున్నాయి. అవి జారిపోతాయి, అవ్యాప్తి. “అడుగున సన్నీవేల్ అని చీటీ ఉంటుంది కదా మావయ్యగారూ, అది చూస్తే చాలదా?” అన్నాడు అల్లుడు. చీటీ ఊడిపోతే? ఊడిన చీటీని ఇంకోదానికి అంటిస్తే? చివరికి మిగిలింది దళసరి అడుగు, కాస్త గుండ్రంగా తిరిగిన ముందు మూలలు. ఇది గంగడోలంత గట్టి లక్షణం. చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది.

లక్షణం దొరికింది గనక జాతి కూడా దొరికినట్టేనా? నా మట్టుకు నాకు ఈ విషయంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. దొరికినట్టు కాదు అని నైయాయికులే, అంటే న్యాయదర్శనంవాళ్లే, ఒప్పుకుంటారు. గోత్వం, అంటే ఆవుతనం, జాతి; అది నిత్యం, ప్రతి ఆవులోనూ సమవేతమై, అంటే విడదీయరానట్టుగా, ఉంటుంది. వంటవాడుతనం అలాంటిది కాదు, వంట చేస్తున్నాడు గనక మనం అంటగట్టిన ఉపాధి. రెంటికీ లక్షణం చెప్పవచ్చు, రెంటితోనూ వ్యవహారం నడుస్తుంది. కానీ ఒకటి లోకంలో ఉంది, రెండోది మన మాటలో ఉంది. ఏది జాతి కాలేదో చెప్పడానికి వాళ్లలో ఉదయనాచార్యుడు బాధకాలు, అంటే అడ్డంకులు, లెక్కపెట్టాడు. వాటిలో సాంకర్యం ఒకటి: రెండు ధర్మాలు కొన్నిచోట్ల కలిసి, కొన్నిచోట్ల విడివిడిగా ఉంటే అవి జాతులు కావు.

ఇప్పుడు చూడండి. అటారి పేరూ, హెవీ సిక్సర్‌తనమూ 1977 నాటి అటారి పెట్టెలో కలిసి ఉన్నాయి. సియర్స్ హెవీ సిక్సర్‌లో హెవీతనం ఉంది, అటారి పేరు లేదు. వేడర్‌లో అటారి పేరుంది, హెవీతనం లేదు. అచ్చమైన సాంకర్యం. పైగా 1977లో ఆ పెట్టె కొన్నవాడికి హెవీ సిక్సర్ కొన్నానని తెలియదు, తెలిసే వీలూ లేదు. లైట్ పుట్టాకే హెవీ పుట్టింది. ఇక్కడ నైయాయికుడికన్నా బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి మాట నయం. ఆవు అనే మాటకి అర్థం ఆవు కానివాటిని తోసేయడమే అన్నాడు ఆయన. ఆవు సంగతిలో నేను ఆయనతో ఏకీభవించను. హెవీ సిక్సర్ సంగతిలో తలవంచుతాను. లైట్ కానిది హెవీ, అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఈ తగువు పెట్టెల దగ్గర పుట్టింది కాదు. ఆవునీ గుర్రాన్నీ చూడగానే తేడా తెలుస్తుంది. మనుషుల్లో బ్రాహ్మణత్వం అలా ఎందుకు తెలియదని బౌద్ధులు అడిగారు. కాళ్లలో తేడా లేదు, నెత్తుట్లో తేడా లేదు. మీమాంసకుడు కుమారిలభట్టు జవాబు: కంటికే తెలుస్తుంది, కాకపోతే తల్లిదండ్రులెవరో ముందు తెలిసి ఉండాలి. మహానుభావుడే, కాదనను. కానీ ఆ జవాబు చదివినప్పుడల్లా నాకిప్పుడు పెట్టెను బోర్లించి చీటీ చదివే సేకర్తలు గుర్తొస్తున్నారు. ఎక్కడ పుట్టిందో చెబితే తప్ప కనబడని జాతి కంటికి కనబడే జాతి కాదు. పెట్టెకైతే కనీసం అడుగు దళసరి ఉంది. మనిషికి అదీ లేదు.

పోనీ, పెట్టెలు చేసే పనిలో తేడా ఉందా అంటే అదీ లేదు. అల్లుడు ఒకే కార్ట్రిడ్జ్ తీసి హెవీ సిక్సర్‌లో పెట్టాడు, తర్వాత 1986 నాటి చిన్నదాంట్లో పెట్టాడు. ఆ మోటు చతురస్రాలే తెరమీద అటూ ఇటూ ఉరికాయి. అవే 128 బైట్లు.

అవయవాల చిక్కు ఇంకొకటి. ఒక అమ్మకందారు దగ్గరనుంచి వచ్చిన పెట్టెకి అడుగు హెవీది, పైభాగం లైట్‌ది. బౌద్ధ భిక్షువు నాగసేనుడైతే మిళిందుడనే రాజుకి రథం సంగతి చెప్పినట్టు భాగం భాగంగా విడదీసి చూపించి, పెట్టె అన్నది పేరే అనేవాడు. నైయాయికుడు ఒక భాగం మారగానే పాత అవయవి, అంటే భాగాలన్నీ కలిసిన మొత్తం, నశించి కొత్తది పుట్టిందంటాడు. అల్లుడు మాత్రం డబ్బులు వెనక్కి ఇమ్మన్నాడు. ముగ్గురిలో లోకజ్ఞానం ఎవరిదో మీరే చెప్పండి. ఉపాధి మనం పెట్టుకున్నదే అయినా దాని పేరు మీద మోసం చేస్తే అది మోసమే.

అలాగని వర్గీకరణ వద్దనను. దళసరి అడుగుని ఇష్టపడి, దానికోసం ఎక్కువ డబ్బు పెడితే తప్పేం లేదు. పాత వస్తువు మీద ప్రేమ ప్రేమే. ఆ ప్రేమకి తత్త్వంలో ఆధారం వెతికి, ఇది మేలుజాతి, అది నాసిజాతి అన్నప్పుడే తర్కం చెదురుతుంది.

తర్కం చెప్పే మిత్రులకి ఒక మనవి. సాంకర్యం పాఠానికి మనం వాడే ఉదాహరణ భూతత్వం, మూర్తత్వం. భూతమైనా మూర్తం కాని ఆకాశం దగ్గరే పిల్లలకి ఆవలింతలొస్తాయి. ఈసారి హెవీ సిక్సర్, సియర్స్ పెట్టె, వేడర్ బొమ్మలు మూడూ గోడమీద వేసి అడగండి, ఇందులో జాతి ఏది, ఉపాధి ఏదని. వాళ్లు హెవీతనమే జాతి అని పట్టుబడితే కంపెనీ వేసిన మోడల్ నంబరు చూపించండి. హెవీకీ లైట్‌కీ అది ఒకటే: సీఎక్స్ 2600.