పొగ ఎవరిది? పొయ్యి కొనబోయే సహోదరునికి ఒక జవాబు



క్రిందటి నెలలో బెంగుళూరు నుండి నా పాత విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. బాగేపల్లి వైపు పల్లెవాడు. గారపనికి వెళ్ళి పదేండ్లయినది. భార్య, ఇద్దరు పిల్లలతో ఒక వఠారములో రేకుల గదిలో ఉంటున్నాడు. “సార్, ఇక్కడ పొగ పెట్టకూడదని ఓనరు బోర్డు వ్రేలాడదీశాడు. గ్యాసు ఉన్నది గాని నెలాఖరు దాకా రాదు. స్నానానికి నీళ్ళు కాచుకోవాలన్నా, సంగటి చేసుకోవాలన్నా కట్టెలే గతి. పనిచోట సెంట్రింగు చెక్కలు ఊరకే దొరుకుతాయి. పొగ రాని కట్టెల పొయ్యి ఏది కొనమంటారు?” అని అడిగాడు.

చిన్న ప్రశ్నే. అయినను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకనగా ఈ విషయములో నాకొక పాత బాకీ ఉన్నది. దానిని ముందుగా మీ యెదుట ఒప్పుకొని, తరువాత అతని ప్రశ్నకు వస్తాను.

నేను టి.సి.హెచ్. ముగించి చింతామణి తాలూకాలోని ఒక పల్లె బడిలో చేరిన రోజులవి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో గ్రామాల నిమిత్తము ‘అస్త్ర’ అనే విభాగము ఏర్పడినది. ఆచార్య ఎ.కె.ఎన్. రెడ్డిగారు దానికి మూలపురుషులు. అక్కడివారు మూడు పాత్రలు పట్టే మట్టి పొయ్యి ఒకటి తయారుచేశారు. క్రింద ఇనుప కడ్డీల జాలి, వెనుక పొగగొట్టము. కన్నడములో దానిని ‘అస్త్ర ఒలె’ అన్నారు. 1980ల్లో అది కర్ణాటక పల్లెల్లో వ్యాపించినది. మా ఇంట్లోనూ ఒకటి కట్టించుకొన్నాము. నా భార్య కండ్లు మండడము తగ్గినది. వంటింటి గోడకు మసి తగ్గినది. నాకు గర్వము పెరిగినది. బడిలో పిల్లలకు దానిని పాఠముగా చెప్పాను.

ఒకనాడు నల్లబల్లపై ఆ పొయ్యి బొమ్మ వేసి, “పొగ ఎక్కడికి పోతుంది?” అని అడిగాను. “ఆకాశములోకి” అని అందరూ అన్నారు. వెనుక వరుసలో ఒక చిన్నది లేచి, “లేదు సార్, మా అవ్వ ఇంట్లోకి వస్తుంది” అన్నది.

ఆ అవ్వ మా పక్కింటి విధవరాలు. దగ్గు మనిషి. మా పొగగొట్టము కొన మా పెంకుల చూరు దాటి పైకి లేవలేదు, సరిగ్గా ఆమె కిటికీ వైపు ఉన్నది. ఆమె పగలంతా కిటికీ మూసుకొని ఉండడము నేను చూస్తూనే ఉన్నాను. వయసు మీద పడి చలికి అనుకొన్నాను. మేష్టరు ఇల్లు గనుక ఆమె నోరు విప్పలేదు. ఇంకొక రెండు మూరల పైపు వేస్తే సరిపోయేది. ఆ ఖర్చును నేను ఒక సంవత్సరము వాయిదా వేశాను.

ఇక్కడనే అసలు ప్రశ్న ఉన్నది. నా ఇల్లు శుభ్రమైనది గాని పొగ నశించలేదు, ఇల్లు మారినది. పొగగొట్టము పొగను తీసివేయదు, ఒకరి యొద్ద నుండి మరొకరి యొద్దకు పంపుతుంది. నేను పొందిన మేలుకు వెల వేరొకరు చెల్లిస్తున్నప్పుడు దానిని మేలు అనవచ్చునా?

దేశాల చట్టాలు కూడ ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నవి. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండను నగరమును పొగమంచు కప్పివేసినది. నాలుగు వేలమంది చనిపోయారని అప్పట్లో లెక్క వేశారు, తరువాతి పరిశోధకులు పన్నెండు వేల వరకు ఉండవచ్చునన్నారు. ఆ పొగలో ఎక్కువ భాగము ఇండ్లలోని బొగ్గు పొయ్యిలదే. ప్రతివాడును తన గది వెచ్చగా ఉండవలెననే కోరుకొన్నాడు, ఎవరికీ చెడ్డ తలంపు లేదు. అయినను ఊరంతటికి ఊపిరాడలేదు. 1956లో అక్కడ స్వచ్ఛ వాయు చట్టము వచ్చి, పొగ నిషేధ ప్రాంతములు ఏర్పడినవి. అక్కడ పొగలేని ఇంధనము వాడవలెను, లేదా పరీక్షలో నెగ్గిన పొయ్యి వాడవలెను.

మన దేశములో 1981 వాయు కాలుష్య నివారణ చట్టము 19వ సెక్షను అటువంటిదే. రాష్ట్ర ప్రభుత్వము కాలుష్య మండలితో సంప్రదించి ఒక ప్రాంతమును వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతముగా ప్రకటించవచ్చును. అక్కడ ఆమోదము లేని ఇంధనమును, ఆమోదము లేని పొయ్యిని నిషేధించవచ్చును. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమము జాబితాలో కర్ణాటక నుండి బెంగుళూరు, దావణగెరె, హుబ్బళ్ళి-ధారవాడ, కలబుర్గి ఉన్నవి. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి అందులో లేవు. అయితే బెంగుళూరులో పొగ పాపమై, బాగేపల్లిలో పుణ్యమవుతుందా? చట్టము గీత గీసిన చోట ఊపిరితిత్తులు మారవు. ఇంటిలో కట్టె, బొగ్గు, పిడకల వంటి ఇంధనముల పొగ వలన 2020లో లోకమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అధికులు పొగను నిషేధించిన పేటల వారు కారు.

ఇక పొయ్యి సంగతి. పొగ అనగా కాలక మిగిలిన కట్టెయే. కట్టె వేడెక్కగానే దానిలో నుండి ఆవిరులు లేస్తాయి. వాటికి తగినంత వేడి, గాలి, కాలడానికి కొంచెము వ్యవధి దొరికితే మంటగా మారుతాయి, దొరకకపోతే పొగగా పోతాయి. అందుచేత మంచి పొయ్యికి మూడు గుర్తులు చూడవలెను. కట్టె క్రింద నుండి గాలి వచ్చే జాలి ఉండవలెను. మంట గూడు చుట్టూ వేడిని పట్టి ఉంచే మట్టి గాని, మరేదైన పొర గాని ఉండవలెను. కట్టె పెట్టే నోరు చిన్నదిగా ఉండవలెను. నోరు పెద్దదైతే మనచేయి ఊరుకోదు, కుక్కివేస్తాము.

చేతితో మోయగల పొయ్యిలకు మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 13152. 2013లో సవరించిన ఆ ప్రమాణము ప్రకారము ఫ్యాను లేని పొయ్యి కట్టె వేడిలో కనీసము 25 శాతము గిన్నెకు చేర్చవలెను. ఫ్యాను ఉన్నది 35 శాతము చేర్చవలెను. గిన్నెకు చేరిన ఒక్కొక్క మెగాజౌలు వేడికి పొగ ధూళి ఫ్యాను లేనిదానిలో 350 మిల్లీగ్రాములు, ఫ్యాను ఉన్నదానిలో 150 మిల్లీగ్రాములు మించరాదు. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదా అని అడగండి. మన సంగటి తినేవారికి ఇంకొక మాట: సంగటి కెలికేటప్పుడు పొయ్యి మీద ఎంత బలము పడుతుందో మీకు తెలుసును. కాళ్ళు వెడల్పుగా లేని తేలిక పొయ్యి ఒరుగుతుంది. కాలిన చేతులు ఏ ప్రమాణమునకును అందవు.

అయితే పొయ్యి మంచిదైనంత మాత్రమున పని అయిపోలేదు. ఒడిషాలో పొగగొట్టము గల మెరుగైన పొయ్యిలు పంచి, కొన్ని సంవత్సరాలు వెంబడించి చూసిన పరిశోధన ఒకటి 2016లో ప్రచురితమైనది. మొదటి సంవత్సరము ఆడవారు పీల్చే పొగ తగ్గినది. తరువాత ఆ లాభము కనబడకుండ పోయినది. పొయ్యిలు పగిలితే బాగుచేసుకోలేదు, వాడకము తగ్గిపోయినది. పొయ్యిని ఇవ్వడము ఒక దినము పని, కాపాడుకోవడము ప్రతి దినము పని. మన భక్తి సంగతి కూడ అంతే గదా.

మన ప్రాంతములోనే వేరొక ఉదాహరణ ఉన్నది. బాగేపల్లి కూలీ సంఘము వారు అప్పటి కోలారు జిల్లాలోని ఐదు తాలూకాలలో 5,500 పేడ గ్యాసు గుంతలు, ఒక్కొక్కటి రెండు ఘనమీటర్లవి, కట్టే పథకము చేపట్టారు. 2005 డిసెంబరులో అది ఐక్యరాజ్య సమితి వారి కర్బన పథకములో నమోదైనది. (చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా అయినది 2007లో.) ఆడవారికి కట్టెల మోపు తప్పినది, పొగ తప్పినది, గుంతలో నుండి వచ్చిన రొచ్చు చేనికి ఎరువైనది. తగ్గిన పొగకు లెక్క కట్టి, ఆ లెక్కను ధనిక దేశాల వారికి అమ్మి ఖర్చు పూడ్చుకొనే ఏర్పాటు అది.

ఇది మంచి పనియే. అయినను రెండు ప్రశ్నలు నన్ను విడువవు. పేడ గుంతకు పశువులు కావలెను, మరి పశువు లేనివాని సంగతి ఏమి? పని వెదుక్కొంటూ పట్టణమునకు పోయేవాడు తరచుగా వాడే. రెండవది, మన అక్క వంటింట్లో తగ్గిన పొగను కొనుక్కొన్నవాడు తన దేశములో అంత పొగ వదలుకోవచ్చును. నా పొగగొట్టము అవ్వ కిటికీ వైపు తిరిగినట్లే ఇదియును కాదా? కొందరు అవునంటారు. నేను అంత కఠినముగా చెప్పను. ఆ డబ్బు లేకపోతే ఆ గుంతలు కట్టేవారు కారు, ఆ అక్క కండ్లు ఇంకను మండుతూనే ఉండేవి. ఆమెకు నేడు కలిగిన మేలును మన వాదము కొరకు ఆపగూడదు. అయితే కొన్నవాడు తన పొగకు క్షమాపణ దొరికినదని నిద్రపోగూడదు. రెండును నిజమే.

నా విద్యార్థి మరొక మాట కూడ అన్నాడు. “సార్, ఓనరు జనరేటరు రాత్రంతా పొగ కక్కుతుంది. దానికి బోర్డు లేదు. మా పొయ్యి పొగే కంటికి కనబడుతుందా?” అతని బాధ న్యాయమైనది. పేదవాని పొగ నేల మీద ఉంటుంది, అందరికీ కనబడుతుంది. పొగ వద్దని చెప్పేవాడు పొగ లేకుండ బ్రతికే దారి కూడ చూపవలెను. దారి చూపక బోర్డు మాత్రము పెట్టడము ధర్మము కాదు. అయినను ఓనరు తప్పు మన తప్పును కడగదు. నీ పొయ్యి పొగ ఓనరు మేడకు చేరదు నాయనా, ప్రక్క గదిలోని పసిబిడ్డకు చేరుతుంది. ఆ బిడ్డ నిన్ను ఏమీ చేయలేదు.

కాబట్టి అతనికి ఇలా చెప్పాను.

మొదటిది, ఆ సెంట్రింగు చెక్కలు ముట్టవద్దు. వాటికి నూనె పట్టి ఉంటుంది, ప్లైవుడ్డులో జిగురు ఉంటుంది. ఊరకే దొరికినది కాబట్టి చౌక అనుకొంటాము, దాని విషము బిడ్డలు పీలుస్తారు.

రెండవది, వీలైనంత వంట గ్యాసు మీదనే జరుపుకో. 2021 ఆగస్టులో ఆరంభమైన ఉజ్వల రెండవ విడతలో వలస కుటుంబాలకు రేషను కార్డు, చిరునామా ఋజువు లేకపోయినను స్వంత ధృవీకరణ చాలునన్నారు. ఐదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపి కొనుక్కోవచ్చును, ఒక్కసారిగా పెద్ద మొత్తము పెట్టనక్కరలేదు.

మూడవది, తప్పనిసరై కట్టె వాడితే ఫ్యాను ఉన్న పొయ్యి కొనుక్కో, బయట గాలి ఆడే చోట పెట్టు. కట్టెను బొటనవ్రేలి లావున చీల్చి, వాన తగలని చోట ఎండబెట్టు. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూడు, ఠంగుమంటే ఎండినట్లు, మొద్దుగా పలికితే పచ్చి. నీలగిరి అయినా, మల్బరీ కట్టె అయినా ఇదే పరీక్ష. పచ్చికట్టెతో ఏ పొయ్యియైనను పొగపొయ్యియే.

నాలుగవది, చలికాలములో నిప్పుల కుంపటి గదిలో పెట్టి తలుపు మూయవద్దు. పొగ కనబడకపోయినను దాని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీస్తుంది.

ఐదవది, పొయ్యి కొనకముందు ప్రక్క గది వారి తలుపు తట్టు. “మా పొగ మీకు వస్తున్నదా?” అని అడుగు. ఏ వేళ వెలిగిస్తే వారికి బాధ ఉండదో కనుక్కో. ఈ ప్రశ్నకు డబ్బు ఖర్చు లేదు. అయితే అన్నిటికంటె కష్టమైనది ఇదే.

సంఘములకును ఒక మాట. మన ప్రేమవిందుల దినమున మూడు రాళ్ళ మీద పెద్ద డేగిసాలు పెట్టి, పచ్చికట్టె పెట్టి, వీధియంతటికి పొగ పెడతాము. లోపల మనము పాటలు పాడుతుండగా బయట పొరుగువారు కిటికీలు మూసుకొంటున్నారు. పొరుగువాడెవడని ప్రభువును అడిగినవానికి చక్కని జవాబు దొరికినది. మనకు అడగనక్కరలేదు, పొగ ఎటు పోతుందో చూస్తే చాలును.

చివరిగా నా బాకీ. ఆ పాప మాట విన్న వారములోనే పైపు పెంచాను. అవ్వ కిటికీ తెరచుకొన్నది. ఒకసారి మా గుమ్మము దగ్గరకు వచ్చి, “మేష్టరయ్యా, గాలి బాగా వస్తాంది” అన్నది, అంతే. నేను నవ్వి ఊరుకొన్నాను. ఒక సంవత్సరము నీకు పొగ పెట్టాను, క్షమించు అవ్వా అని చెప్పలేకపోయాను. పైపు పెంచడము సులభము, ఆ మాట కష్టము. ఇప్పుడు ఆమె లేదు.

అందుకే నా విద్యార్థికి తలుపు తట్టమన్నాను. పొయ్యి తరువాత కొనవచ్చును.

ప్రభువు మీ ఇండ్లను, మీ పొరుగువారి ఇండ్లను దీవించును గాక.