మెడలోని సిలువ, యజమాని నియమము

జీతమునకు కుదిరిన మనుష్యుడు తన కాలమును, తన చేతిపనిని యజమానునికి అప్పగించును. మనస్సాక్షిని కూడ అప్పగించునా? పనివారు యజమానులకు లోబడవలెనని పౌలు బోధించెను గనుక ఆ మాటయే చాలునని కొందరందురు. అది అంత సులభముగా తేలునది కాదు.

నాదియా ఎవీడా అను కోప్టిక్ క్రైస్తవురాలు 1999 నుండి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ప్రయాణికుల చెక్-ఇన్ పని చేయుచుండెను. 2006 మే నెలలో ఆమె తన చిన్న సిలువను పైకి కనబడునట్లు ధరింప నారంభించెను. సెప్టెంబరులో ఆమెను జీతము లేకుండ ఇంటికి పంపివేసిరి. మతసంబంధమైన వస్తువు దుస్తుల క్రింద దాగియుండవలెననునది సంస్థ నియమము. దాచుటకు వీలుకాని సిక్కు తలపాగాకును, ముస్లిం స్త్రీల హిజాబునకును అనుమతి కలదు. 2007 ఫిబ్రవరిలో సంస్థ తానే నియమమును మార్చి ఆమెను తిరిగి పనిలోనికి తీసికొనెను గాని, పోయిన నెలల జీతము మాత్రము ఇయ్యలేదు.

ఆమె వేసిన దావాను ఇంగ్లండులోని న్యాయస్థానములు వరుసగా త్రోసివేసెను. సిలువ ధరించుట క్రైస్తవునికి విధి కాదు, అది ఆమె స్వంత ఇష్టము మాత్రమేయని వాటి తర్కము. ఈ మాటకు మనము కోపపడుటకు ముందు కొంచెము ఆగవలెను. అందులో సగము నిజమున్నది. సిలువ గొలుసు ధరింపుమని లేఖనములలో ఎక్కడను ఆజ్ఞ లేదు. మన తెలుగు సంఘములలో కొన్ని, పేతురు మొదటి పత్రికలోని హెచ్చరికనుబట్టి, నగలనే విసర్జించినవి. ఆ సంఘముల సహోదరీలకు మెడ ఖాళీగా ఉండుటయే సాక్ష్యము!

అయినను విధి కానిదానికి రక్షణ లేదనుట ప్రమాదకరమైన సూత్రము. రోమా సంఘములో తినుటను గూర్చియు, దినములను గూర్చియు భేదములు కలిగినప్పుడు, ఎవనికి వాడు తన మనస్సులో నిశ్చయత కలిగియుండవలెనని పౌలు బోధించెను గాని, అందరికిని ఒకే విధి నియమింపలేదు. విశ్వాసికి ఏది ముఖ్యమో తేల్చుపని న్యాయాధిపతికిచ్చినయెడల, వేదాంత పీఠమునుకూడ అతనికే ఇచ్చినట్లగును. 1986లో మన సుప్రీంకోర్టు, జాతీయగీతమును పాడక మౌనముగా నిలిచిన కేరళ పిల్లల వ్యాజ్యములో, ఆ నమ్మకము మన బుద్ధికి నచ్చునా అనునది ప్రశ్న కాదనియు, అది యథార్థముగా కలిగియున్నదా అనునదే చూడవలెననియు చెప్పెను. 2013 జనవరి 15న స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానమును విధియని రుజువు చేయనక్కరలేదని పలికి, అయిదుగురు న్యాయాధిపతులు ఒకవైపు, ఇద్దరు మరియొకవైపు నిలువగా, ఎవీడా పక్షమున తీర్పిచ్చెను. సంస్థ తన రూపమును కాపాడుకొనగోరుట న్యాయమే గాని, ఆ చిన్న సిలువవలన దానికేమియు హాని కలుగలేదు.

ఈ కొలతను మనము మనవైపునకు మాత్రమే త్రిప్పుకొనరాదు. మన సంఘములు నడుపు పాఠశాలలలోను ఆసుపత్రులలోను బొట్టు పెట్టుకొని, తాళి కట్టుకొని పనిచేయు హిందూ సహోదరీలు ఉన్నారు. సంస్థ రూపము పేరున వారిని ఆటంకపరచువారు ఎవీడా కొరకు కన్నీరు కార్చుటకు తగరు.

అదే దినమున అదే న్యాయస్థానము షెర్లీ చాప్లిన్ అను నర్సు విన్నపమును ఏకగ్రీవముగా త్రోసివేసెను. ఆమె 1971లో దృఢీకరణ పొందిన నాటినుండి గొలుసున సిలువను ధరించుచుండెను. వృద్ధరోగి ఆ గొలుసును పట్టి లాగవచ్చును, అది తెరచియున్న గాయమునకు తగులవచ్చునని ఆసుపత్రివారు చెప్పి, సిలువను బ్రోచివలె దుస్తులకు తగిలించుకొనుమనిరి, ఆమె ఒప్పుకొనలేదు. కొందరు విశ్వాసులు ఈ తీర్పును హింసయనిరి. నాకు అట్లు తోచదు. ఇచ్చట నియమమునకు కారణము యజమాని గౌరవము కాదు, మంచముమీదనున్న రోగి. ఆమె చెల్లించిన వెల స్వల్పమైనది కాదు: ఇతర పనికి మార్చబడెను, 2010లో ఆ పనియు ముగిసెను. ఆ ఆసుపత్రిలోనే కడియమును కృపాణమును ధరింపరాదని ఇద్దరు సిక్కు నర్సులకు చెప్పగా, వారు సమ్మతించి తమ పని చేసికొనిరి.