అమ్మువాని మనిషి

యిర్మీయా ప్రవక్త పొలము కొనిన సంగతి ఆయన గ్రంథము 32వ అధ్యాయములో నున్నది. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి యుండగా, ఆయన బందీగృహపు ఆవరణములో నుండి, తన తండ్రి తోబుట్టువు కుమారుడైన హనమేలు యొద్ద అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. క్రయపత్రము వ్రాసి, సాక్షులను పెట్టి, వెండిని త్రాసులో తూచి యిచ్చి, ముద్రగల పత్రమును ముద్రలేని పత్రమును మంటికుండలో దాచుమని బారూకునకు అప్పగించెను. కాబట్టి దస్తావేజులు, బయానాలు, లింకు డాక్యుమెంట్లు లోకసంబంధమైన గొడవలని బోధకులు మొగము త్రిప్పుకొననక్కర లేదు. ఇందులో మనము గమనింపవలసినది మరియొకటి కలదు. ఆ భూమి శత్రువుల పాలగుచున్నదని యిర్మీయాకు బాగుగా తెలియును. తెలిసియే కొనెను. ప్రమాదముగల ఆస్తిని కొనుట తప్పు కాదు. ఆ ప్రమాదమును కొనువాని కంటికి మరుగుచేయుట వేరు సంగతి.

ఈ తలంపు మాకు ఊరక కలుగలేదు. మా పల్లె సంఘమందలి విధవరాండ్ర నిధికి నెలనెల కొంత రాబడి యుండవలెనని, కోత పండుగ కానుకలలో ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో విజయవాడలో రెండు పోర్షన్ల యిల్లు కొని అద్దెకియ్యవలెనని కమిటీ తీర్మానించెను. మా సొమ్ముకు అందునట్టి యిండ్లు సింగ్ నగర్, పాయకాపురము వైపున నుండెను. ఎందుకు అందుబాటులో నున్నవో కృష్ణా జిల్లావారికి చెప్పనక్కర లేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో, ఎగువనున్న వెలగలేరు నుండి వరదనీటిని కృష్ణకు మళ్లించు బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడగా, ఆ పేటలు దినముల తరబడి నీట మునిగెను. 2005లో కూడ ఆ వైపునకు బుడమేరు వచ్చినది.

మాకు యిల్లు చూపించినవాడు అమ్మువారి పక్షపు బ్రోకరు. మర్యాదస్తుడు, "అయ్యగారూ" అనకుండ మాట మొదలుపెట్టడు. ఇంటికి క్రొత్తగా రంగు వేసియున్నది. ఓనరుగారితో ఒకసారి మాట్లాడవలెనన్నాము. ఊరిలో లేరనెను. లింకు డాక్యుమెంట్ల నకళ్లు అడిగితిమి. రేపు, ఎల్లుండి అని మూడు వారములు గడిపెను. ఈసీ మేమే తీయించుకొంటిమి. మరెవరో బయానా పట్టుకొని సిద్ధముగా నున్నారని శనివారము ఫోను చేసెను. ఆ మరెవరో సోమవారమునకు కనబడలేదు. రిజిస్ట్రేషను ప్రభుత్వపు విలువకు చేయించి మిగిలినది నగదుగా నిమ్మనెను. సంఘపు సొమ్ము లెక్కలేకుండ ఇయ్యలేమని చెప్పితిమి. నవ్వి ఊరకుండెను.

"2024లో ఇంట్లోకి నీళ్లు వచ్చాయా?" అని సూటిగా అడిగితిమి. "వీధి అంతా వచ్చాయి గదండీ, ఇప్పుడు అంతా బాగు చేయించారు" అనెను. ఎదురింటి అమ్మగారు మాత్రము కిటికీ దిమ్మె దాటి నీరు నిలిచినదనియు, అందుకే కరెంటు మీటరును పైకి జరిపించిరనియు చెప్పెను. తిరిగి అతని యొద్దకు పోయి అడుగగా, ఏ మాత్రము తొట్రుపడక, "నేను అబద్ధం చెప్పలేదండీ. నేను అమ్మేవాళ్ల మనిషిని, మీ మనిషిని కాను" అనెను.

ఈ జవాబు మమ్మును చాల దినములు వెంటాడినది. ఇందులో న్యాయము కొంత లేకపోలేదు. ఓనరు ఎంత వరకు దిగునో, ఎవరికి అప్పుపడి అమ్ముచున్నాడో ఆ బ్రోకరు మాకు చెప్పియుండిన యెడల అతడు తనను నమ్మినవానికి ద్రోహి యగును. (మేము మాత్రము అతనిని మంచివాడని మెచ్చుకొనియుందుము!) కొనువాడు బేరమాడునప్పుడు సరుకు బాగులేదని, బాగులేదని పలికి, కొని వెళ్లిన తరువాత అతిశయపడునని సామెతల గ్రంథము 20:14 చెప్పుచున్నది; కనుక మరుగుచేయుట అమ్మువారి యొద్దనే పుట్టినది కాదు. ఒకని పక్షముగా పని చేయువాడు ఆ పక్షమునకు నమ్మకస్థుడై యుండవలెను. కాని ఆ నమ్మకత్వమునకు హద్దు ఎక్కడ?

క్రీస్తునకు పూర్వము 44లో రోమీయుడైన సిసెరో ధర్మములను గూర్చి వ్రాసిన గ్రంథపు మూడవ భాగములో అచ్చముగా ఈ ప్రశ్నయే వచ్చుచున్నది. ఒక మంచివాడు తన యిల్లు అమ్మజూచుచున్నాడు. అది ఆరోగ్యమునకు తగినది కాదనియు, పడకగదులలో పాములు కనబడుననియు అతనికి తప్ప ఎవరికిని తెలియదు. చెప్పవలెనా? బబులోనువాడైన డయోజెనీసు, చెప్పకుండుట వేరు, దాచుట వేరు, కొనువాడు చూచుకొనవలెను గదా యని వాదించెను. అతని శిష్యుడు ఆంటిపేటరు, త్రోవ తప్పినవానికి దారి చూపకపోవుట కంటె కూడ ఇది చెడ్డది, తెలిసి తెలిసి మనుష్యుని పొరబాటులోనికి నడిపించుటయే యనెను. సిసెరో ఆంటిపేటరు పక్షమున నిలిచెను. అన్యులైన ఆ పెద్దలు ఇంత దూరము చూడగలిగిరి.

మన దేశపు చట్టము ఇద్దరికిని మధ్య నిలిచినది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, తనకు తెలిసి కొనువానికి తెలియని ముఖ్యమైన లోపమును, కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పక్షమున, అమ్మువాడు తెలుపవలెను. ఎదురింటామెను అడిగి తెలిసికొంటిరి గదా, మామూలు జాగ్రత్త చాలినది గదా యని వకీలు అనవచ్చును. 2016 నాటి రేరా చట్టములో ఏజెంట్లు నమోదు కావలెనన్న నియమము రిజిస్టరైన ప్రాజెక్టులను గూర్చినది. పాత యింటికి బేరము కుదుర్చువానిని అది ముట్టదు. అట్టివానికి తన మనస్సాక్షియే సెక్షను.

అబ్రాహాము దాసుడు రిబ్కాను అడుగబోయిన వృత్తాంతము (ఆదికాండము 24) చూడుడి. అతడు ముమ్మాటికి ఒక పక్షపు మనిషి. అయినను భోజనము ముందు పెట్టగా, తాను వచ్చిన పని చెప్పక మునుపు తిననని, యజమానుని ఆస్తి, తన ప్రమాణము, బావి యొద్ద జరిగినది యావత్తు లాబాను ఎదుటను బెతూయేలు ఎదుటను విప్పి చెప్పెను. ఇష్టము లేనియెడల అదియు తెలియజేయుడి, వేరొక దారి చూచుకొందునని వారికి చోటిచ్చెను. యజమానునికి నష్టమేమియు కలుగలేదు. ఒకరి మనిషియై యుండుటకు ఎదుటివానికి కాకుండ పోనక్కర లేదు. యజమానుడు ఎంత వరకు దిగునన్నది యజమానుని రహస్యము. ఇంట ఎంత నీరు నిలిచినదన్నది ఎవరి రహస్యమును కాదు. రాత్రివేళ అచ్చట పండుకొనువాని ప్రాణమునకు చెందినది.

పండుకొనువారు మేము కాము, అద్దెకు వచ్చువారు. ఇక్కడనే అసలు చిక్కు వచ్చినది. నీటి సంగతి బయటపడిన తరువాత ధర తగ్గినది. కమిటీలో ఒక పెద్దమనిషి, మంచివాడే, "అయ్యగారూ, తగ్గించి ఇచ్చారు గనుక తీసుకుందాం. అద్దెవాళ్లకు ఇదంతా ఎందుకు? చెప్తే క్రింది పోర్షనుకు అద్దె పడిపోతుంది, పోయేది విధవరాండ్ర సొమ్మే గదా" అనెను. ఆ మాటను కొట్టివేయుట సులభము కాదు. నిధిని నమ్ముకొన్న ముసలమ్మలు మా కండ్లయెదుట నున్నారు. అద్దెకు రాబోవువారు ఎవరో, వారి ముఖము మేమింకను చూడలేదు. అయితే బ్రోకరు చెప్పినదియు ఇదే గదా: తనకు ఓనరు ఎదుట నున్నాడు, మేము మరెవరమో. విధవరాండ్ర పేరు పెట్టినంత మాత్రమున మౌనము రంగు మారదు. ఆ పేటలో అద్దెకు వచ్చునది ఆటో నడుపువాడో, దుకాణములో పని చేయు స్త్రీయో. పిల్లల పుస్తకములు, బియ్యపు బస్తా, కుట్టుమిషను నేలమీదనే యుండును. లేవీయకాండము 25:14 అమ్మినను కొనినను ఒకని నొకడు బాధింపరాదని చెప్పునప్పుడు, అద్దె బేరమును విడిచిపెట్టినదని మేము తలంచలేదు.

రెండు కమిటీ కూటములు పట్టినవి. యిల్లు కొంటిమి, చెల్లించిన పూర్తి ధరకే రిజిస్టరు చేయించితిమి. ఎదురింటామెను పిలిచి, నీరు ఎంత వరకు నిలిచినదో మెట్ల ప్రక్క గోడమీద చూపించమని, అక్కడ నల్లరంగుతో గీత గీయించి, ప్రక్కన 2024 అని వ్రాయించితిమి. మొదట చూడవచ్చిన రెండు కుటుంబములు గీతను చూచి వెళ్లిపోయిరి. మూడవవారు అద్దెలో వేయి రూపాయలు తగ్గించమని అడిగి, వంటగదిలో ఆ గీతకు పైగా ఒక అటక వేయించిన యెడల చేరుదుమనిరి. అటక వేయించితిమి.