అరచేతిలోని వాక్కు

చూపును వినికిడియు లేనివారికి లోకము అరచేతిగుండ ప్రవేశించును. 1900 మొదలు 1904 వరకు అమెరికాలోని ర్యాడ్‌క్లిఫ్ కళాశాలలో హెలెన్ కెల్లర్ ప్రక్కన కూర్చుండి, ఆచార్యుల ఉపన్యాసములను ఆన్ సలివన్ వ్రేళ్ళ గుర్తులతో అక్షరమక్షరముగా ఆమె చేతికి అందించెను. సలివన్ చూపే అంతంతమాత్రము!

మాట వడిగా సాగును, వ్రేళ్ళు వెనుకబడును. కావున దుబాసి కొంత విడువక తప్పదు. దేనిని విడువవలెను? ధర్మసంకటమిచ్చటనే కలదు. సభలో ఎవరో ఆ వ్యక్తిని పరిహసించిరనుకొందము. నొచ్చుకొందురని దయగల దుబాసి దానిని దాచును. ఆ దయ పరుల లోకములో కొంత భాగమును అపహరించుటయే. కోపించుటకు, బదులు పలుకుటకు, క్షమించుటకు అధికారము ఆ వ్యక్తిది. కన్ను తన యజమానిపై కనికరముతో అప్రియదృశ్యమును దాచునా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము మన దేశమున బధిరాంధత్వమును పేర్కొన్నది. అంతమాత్రమున సమర్థమైన చేతులు సిద్ధము కావు. వ్రేళ్ళ నేర్పు అభ్యాసముచే అలవడును. ‘మేలు చేయుచున్నాను’ అను కర్తృత్వాభిమానమును వీడుట దుష్కరము. ఎవరు వచ్చిరి, ఎవరు నవ్విరి, ఎవరు మౌనముగా వెడలిరి అనునవియు తెలుపవలెను. ఏది ముందు కావలయునో ఆ వ్యక్తినే అడుగవలెను. అలసినపుడు మరియొక దుబాసికి చోటిచ్చి తొలగుటయు శిక్షణలోనిదే. క్రొత్తగా వచ్చినవారు మొదట తమ పేరును ఆ చేతికి తెలుపుదురు.