నివురు క్రింది నిప్పు

ధ్యానభాగము: 2 తిమోతి 1:3–7



చచ్చినదనుకొన్నది మరల బ్రదికినప్పుడు మన తెలుగులో ఎన్నో మాటలు పలుకుదుము. వాడిన మిరపతోట నీరు తగిలి లేచినయెడల "తేరుకొన్నది" అందుము. నరికిన వేపమోడు ఆకు వేసినయెడల "చిగిర్చినది" అందుము. కూలిన మందిరమును మరల కట్టుట పునరుద్ధరణ. మృతుడు సమాధినుండి లేచుట పునరుత్థానము. నిద్రించు సంఘము మేల్కొనుట ఉజ్జీవము.

ఈ మాటలన్నియు ఒక్కటి కావు. పునరుత్థానము దేవుడొక్కడే చేయు కార్యము. అందులో మన చెయ్యి లేదు. అయితే పౌలు తిమోతికి వ్రాయుచు, మనుష్యుని చేతికి అప్పగింపబడిన పని యొకటి చెప్పుచున్నాడు. గ్రీకు భాషలో ఆ మాట "అనజోపురెయో". మరల, జీవము, నిప్పు అను మూడు మాటలు అందులో ఇమిడియున్నవి. నివురుగప్పిన నిప్పును ఊది మంటచేయుమని దాని భావము. క్రొత్త నిప్పు తెమ్మని పౌలు చెప్పలేదు. దేవుడిచ్చిన నిప్పు తిమోతి యొద్దనే యున్నది, ఊదుటయే కొరత.

మన పల్నాటివారికి ఇందుకొక సాక్షి కలడు. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరు గారు తరువాత మన గురజాల ప్రాంతమున సువార్తపని చేసిరి. పిమ్మట స్వదేశమునకు వెళ్లిరి. 1869 నాటికి రాజమండ్రి మిషను పనివారు లేక కృశించెను. దానిని చర్చి మిషనరీ సొసైటీకి అప్పగింతమని మాటలు జరుగుచుండెను. ఆ వార్త విన్నప్పుడు హయ్యరు గారికి 75 ఏండ్లు దాటినవి. అయినను ఆ పనిని విడువవద్దని తనవారిని వేడుకొని, తానే మరల ఓడ యెక్కి వచ్చిరి. 1873లో ఆయన నిద్రించిరి గాని ఆ నిప్పు ఆరలేదు. గుంటూరు, రాజమండ్రి క్షేత్రముల సంఘములు 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా ఏర్పడెను.

ఇక మా తప్పిదము ఒప్పుకొందుము. మేము కాయుచున్న పల్లెలలో ఒకచోట సాగరు కుడికాలువ నీటి వంతు విషయమై ఇద్దరు అన్నదమ్ములకు జగడము పుట్టినది. రెండిండ్లవారును గుడికి వచ్చెడివారే గాని, ప్రభువు బల్లకు ముందే లేచిపోవుచుండిరి. మేము మూడు రాత్రులు ఉజ్జీవకూటములు పెట్టించితిమి. పందిరి వేసిరి, మైకు కట్టిరి, పాటలు మారుమ్రోగెను. నాలుగవనాటి తెల్లవారుజామున తూము దగ్గర మరల అదే జగడము.

ఆ సాయంత్రము ఒక ముసలి తల్లి మాతో ఇట్లనెను: "మైకు కూతకు పొయ్యి రాజుకుంటుందా అయ్యగారూ? వంగి ఊదాల గాని! తమరు ఆ తమ్ముడి గడప తొక్కి ఎన్నాళ్లయింది?"

మాకు నోట మాట రాలేదు. సంఘపెద్దయని అన్న యింటికి తరచుగా పోవుచు, తమ్ముని యింటివైపు ఏడాదిగా పోలేదు. నివురు ఆ ఇండ్ల మీద మాత్రమే కాదు, మా మీదను పేరుకొన్నది.

మరునాడే తమ్ముని యింటికి పోయి, మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. పిదప అన్న యింటికి పోతిమి. ఇప్పుడు వారమువారము పోవుచున్నాము. ఊదువాని కంటిలో పొగ పడక తప్పదు. కటువైన మాటలును పడితిమి. గడచిన సంస్కారపు ఆదివారమున తమ్ముడు బల్లయొద్ద నిలిచెను. అన్న యింకను రాలేదు. ఆయన కొరకు ప్రార్థించుడి.

ప్రియులారా, మీ యింట కుటుంబప్రార్థన నిలిచిపోయినదా? ఎవరితోనైన పలుకుట మానితిరా? ఆరిపోయినదని బూడిద నెత్తి పారబోయకుడి. చెయ్యి పెట్టి చూడుడి; అడుగున వెచ్చగా నుండును. గొప్ప కూటముల కొరకు కనిపెట్టక, ఈ వారమే ఒక్క గడప తొక్కుడి.

ప్రభువా, మాలో నీవుంచిన నిప్పును ఆరిపోనియ్యకుము. వంగుటకు మాకు తగ్గింపును, ఊదుటకు నీ ఆత్మను దయచేయుము. ఆమేన్.