మర్యాద చాలదు, జవాబు కావాలి

(బ్యాంకాక్‌లో స్థిరపడ్డ మామయ్యకూ, ఉద్యోగానికి కొత్తగా అక్కడికి వచ్చిన మేనల్లుడికీ నడిచిన సంవాదం)

మేనల్లుడు: ఆఫీసులో ఇంగ్లిషు సరిపోతోంది. బజారులో ఫోనే అనువాదం చేసిపెడుతోంది. థాయి నేర్చుకుని ఏం బావుకుంటాను, మామయ్యా?

మామయ్య: రోజు గడవడానికైతే అక్కర్లేదురా. ఉండిపోవాలంటే కావాలి. పౌరసత్వం కోరే విదేశీయుడికి థాయి తెలిసి ఉండాలని ఇక్కడి 1965 నాటి జాతీయతా చట్టమే అంటోంది.

మేనల్లుడు: నాకు పౌరసత్వం వద్దులే. అయినా ఇది మనకు సగం తెలిసిన భాషే కదా! ఎటు చూసినా సంస్కృతం, పాళీ మాటలు. లిపి కూడా పల్లవుల లిపి నుంచి ఖ్మేర్ మీదుగా వచ్చిందే.

మామయ్య: ఆ చుట్టరికం కంటికే, చెవికి అందదు. విమానాశ్రయానికి ‘సువర్ణభూమి’ అని మూలం చెడకుండా రాస్తారు, ‘సువన్నఫూమ్’ అని పలుకుతారు. మన పలుకే ఒప్పని నువ్వు పట్టుబడితే టాక్సీ ఎటూ కదలదు.

మేనల్లుడు: 44 హల్లులు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేని రాత, పైగా అయిదు స్వరాలు! ఒక్క ‘ఖావ్’ గొంతు తీరును బట్టి అన్నమవుతుంది, వార్తవుతుంది, తెలుపవుతుంది.

మామయ్య: తిరకాసంతా అక్కడే. తెలుగులో గొంతు లేపితే ప్రశ్నో కోపమో తెలుస్తుంది, మాట మాత్రం మారదు. ఇక్కడ స్వరం మాటలో భాగం. అలవాటుకొద్దీ గొంతు పైకి లేపి ‘అన్నం?’ అని అడిగావో, అది ‘తెలుపు’ అయి కూర్చుంటుంది. ప్రశ్నకు చివర ‘మై’ అని చేర్చాలి తప్ప గొంతును నమ్ముకోకూడదు.

మేనల్లుడు: అంటే అడగడం, విసుక్కోవడం కూడా కొత్తగా నేర్చుకోవాలా?

మామయ్య: నేర్చుకోవాలి. పెద్ద చదువులవాళ్లు జంకేది అందుకే. ఇంగ్లిషులో మేనేజరు థాయిలో ఒకటో తరగతి పిల్లాడైపోతాడు.

మేనల్లుడు: ఆ అవస్థ నాకెందుకు? అందరూ నవ్వుతూ బాగానే చూసుకుంటున్నారు.

మామయ్య: అతిథివి కనుక. భాష రానివాడికి మర్యాద దక్కుతుంది, జవాబు దక్కదు. నీతో ఎవరూ వాదించరు. నీ తప్పు నీకు చెప్పరు. వీధిలో తగవు వస్తే నీ మాట అడగరు.

మేనల్లుడు: వాళ్లే నాతో ఇంగ్లిషులో మాట్లాడొచ్చు కదా?

మామయ్య: హైదరాబాదులో ఏళ్లుగా ఉంటూ తెలుగు ముక్క రానివాళ్లతో మనమేం చేస్తాం?

మేనల్లుడు: హిందీలోకి మారిపోతాం.

మామయ్య: అది మన మర్యాదే. దాంతోనే వాళ్లు మన వాదనలకూ వేళాకోళాలకూ బయట ఉండిపోతారు.

మేనల్లుడు: మరి ఇక్కడివాళ్లలా మాట్లాడటం ఎప్పటికి వస్తుంది?

మామయ్య: బహుశా ఎప్పటికీ రాదు. నా యాస వినగానే పరాయివాడినని తెలిసిపోతుంది. అయినా ఎదుటివాళ్లు నన్ను తప్పుబడతారు, నేను బదులిస్తాను. పరదేశంలో కాపురం పెట్టినవాడు ముందు అక్కడి భాషను తప్పులతోనైనా మాట్లాడాలి. దిద్దేవాళ్లు చుట్టూ ఉన్నారు.